తాటాకు దొప్ప

సఖినేటిపల్లి రేవు దగ్గర తాడిచెట్టు దిగిన ముసలి కల్లు గీతగాడి ముందు, తెలుగు నేర్చుకుని ఫ్రాన్సు నుంచి వచ్చిన పిల్ల, తమ పూర్వీకుడు వీరన్న పేరున్న పాత ఓడ కాగితం పట్టుకుని నిలబడింది. పెళ్లాం పోయాక ఆయన ఎవరితోనూ నాలుగు మాటలాడింది లేదు.

“మీ వీరన్న ఊరొదిలి ఎప్పుడు పోయేడన్నావు?”

“నూట అరవై ఏళ్లయిందండి. యానాంలో ఓడెక్కి, రీయూనియన్ దీవికి చెరుకు నరకడానికి వెళ్లేరు. ఆయన మనవడు ఫ్రాన్సులో బోర్డో వచ్చి ద్రాక్షతోటలో కూలికి కుదిరేరు. ఇప్పుడు మేమే వైను తీస్తామండి.”

“వీరన్నలు వీధికి ఇద్దరున్నారు. కాగితం చూసి చుట్టరికం కలుపుకోను.”

“మా తాత మంచం మీదున్నారండి. మనవాళ్లెవరో కనుక్కు రమ్మన్నారు.”

“నన్నేం చెయ్యమంటావు? దాహమైతే తాగి వెళ్లు. ఇదిగో తాటాకు. కొత్తవాళ్లు చొక్కా తడుపుకుంటారు, జాగ్రత్త.”

ఆమె ఆకు మడిచి దొప్ప చేసి, రెండు చేతులా నోటికి ఆనించి మోచేతులెత్తింది. ఆయన ముంత వంచాడు. ఒక్క చుక్క కింద పడలేదు.

“ఎవరు నేర్పేరే నీకిది?”

“మా తాతేనండి. ఏటా కొత్త వైను మొదటి గుక్క మేం గ్లాసుతో తాగం. ద్రాక్షాకులు ఇలాగే మడిచి పట్టుకుంటాం, పైనుంచి ఇంకొకరు పొయ్యాలి. ఎందుకో మాకే తెలీదు. ఊరంతా నవ్వుతారు.”

“నవ్వేవాళ్లు తాడెక్కేరా, కల్లు తీసేరా!” ముసలాయన పగలబడి నవ్వాడు. “ఫోను తియ్యి. మీ తాతని పిలు.”

“ఆయనకి తెలుగు రాదండి.”

“తెలుగెందుకే మనవరాలా? నువ్వు ఆకు పట్టు, నేను పోస్తాను. ఆయన్ని చూడమను.”