మూడో ఊళ్ళో బొత్తాల మ్యూజియం

టైలరింగ్ షాపు వెనక గది. గుడ్డలు కత్తిరించే బల్ల మీద ఈవేళ గుడ్డకు బదులు ప్రపంచ పటం పరిచి ఉంది. షాపు యజమానురాలు ముందు గదిలో ఎవరికో ప్యాంటు పొడవు చూస్తోంది. ఆవిడ భర్త, ఆవిడ ఆఖరి చెల్లెలు బల్లకు చెరోవైపు వంగి గుసగుసలాడుతున్నారు.

“నవ్వకు బావా! నువ్వు నవ్వావంటే అక్క ఇట్టే కనిపెట్టేస్తుంది.”

“నేనెక్కడ నవ్వానే మరదలా? నా మొహమే అంత.”

“సరే, మళ్ళీ చెప్తున్నా, విను. మొత్తం ఏడు ఊళ్ళు, పన్నెండు రాత్రులు. అందులో మూడోది...”

“మూడోది చిన్నక్క ఉండే ఊరు.”

“ష్! చిన్నక్క ఊరు కాదది. సరస్సున్న ఊరు. అక్క అడిగితే సరస్సు. సరేనా?”

“సరస్సు. మరి మిగతా ఆరు ఊళ్ళూ ఎందుకు? విమానం పేరు చెప్తేనే నాకు కడుపులో తిప్పుతుంది.”

“అవి అక్క కొట్టెయ్యడానికి బావా! ఒక్క ఊరే చూపిస్తే, ఆ ఊరే ఎందుకని కూపీ లాగుతుంది. ఏడు చూపిస్తే, కొట్టెయ్యడంలో పడిపోయి కూపీ సంగతి మర్చిపోతుంది.”

“మూడోదే కొట్టేస్తే?”

“అలా అనకు! చిన్నక్కకి నేనేం మొహం చూపించను? ‘అక్క వస్తానంటేనే చెప్పు, ఊరికే ఆశపెట్టకు’ అంది. టికెట్లవాళ్ళు ఆరింటికి ఆఫీసు మూసేస్తారు. ఇప్పుడు అయిదుంబావు. ఈలోపు అక్క ఊఁ అనాలి.”

“పదకొండేళ్ళుగా తోడబుట్టినదాని పేరెత్తని మనిషి ముప్పావుగంటలో ఊఁ అంటుందా?”

“పేరెత్తమని ఎవరన్నారు? విమానం ఎక్కితే చాలు. అక్కడ దిగి తలుపు కొడతాం. తీసేది చిన్నక్క. అప్పుడేం చేస్తుంది, వెనక్కి నడుచుకుంటూ వచ్చేస్తుందా?”

“మీ అక్కా? వచ్చేస్తుంది. ఆ మోకాళ్ళతోనే వచ్చేస్తుంది.”

“అదీ నా భయం. అసలు ఏమైంది బావా అంతగా? అక్క కుట్టిన పెళ్ళి గౌనుకి చేతులు బిగుతుగా ఉన్నాయని చిన్నక్క వీధి చివరి టైలర్ దగ్గర విప్పించి వేయించుకుంది. అంతేగా!”

“అంతేనా? రెండు నెలలు కూర్చుని కుట్టిందే మీ అక్క. పూస పూసా చేత్తో కుట్టింది. తీరా పెళ్ళినాడు చూస్తే చేతులకి ఎవరిదో కుట్టు. నేను బాగుచేసిన గడియారం పట్టుకెళ్ళి నువ్వు పక్క కొట్లో చూపిస్తే నాకెలా ఉంటుంది?”

“నా బస్సు ఎదురుగా ఆగినా ఎక్కకుండా నువ్వు వెనక బస్సెక్కితే... ఊఁ, మండుతుంది.”

“మండుతుంది కదా?”

“మండుతుంది. పదకొండేళ్ళు మండదు బావా! అదిగో, వచ్చేస్తోంది. సరస్సు!”

“సరస్సు.”

“ఏంటా సరస్సు?”

“మూడో ఊళ్ళో సరస్సుందక్కా. అదే బావకి చెప్తున్నా.”

“ఆయనకి ఈత రాదు. ఆ కోటు ఇలా అందుకో, నా చేతులు ఖాళీగా ఉండలేవు. ఊఁ, చూపించు నీ పటం.”

“ఇంకా ఈ కోటేనా? నెల్నించీ చూస్తున్నా. దీనికి చేతులేవక్కా?”

“కుడతాలే.”

“ఎవరిదసలు? లోపల ఇంత దళసరి ఉన్ని ఎందుకు, మన ఊళ్ళో ఇంత చలెక్కడ ఏడిసింది?”

“కస్టమర్‌ది.”

“పాపం ఆ కస్టమర్ చేతుల్లేకుండానే చలికాలం దాటేసేలా ఉంది.”

“నోరు మూసుకుని ఊళ్ళు చెప్పు. ఏంటే ఇన్ని సున్నాలు చుట్టావ్! ఏడూ తిరగాలా?”

“చాలా సులువక్కా. పొద్దున్న ఆరింటికి మొదటి ఊళ్ళో బయల్దేరతాం. తొమ్మిదికి రెండో ఊళ్ళో దిగి, నలభై నిమిషాల్లో కోట చూసేసి...”

“కోట నలభై నిమిషాల్లోనా?”

“మరీ పెద్ద కోటేం కాదు. పదకొండింటికి మళ్ళీ రైలు. రైల్లోనే భోజనం, రైల్లోనే కునుకు, దిగీ దిగగానే...”

“దిగీ దిగగానే నన్ను ఆస్పత్రిలో చేర్పిస్తావ్. ఇదేమన్నా నీ బస్సుటే, స్టాపుకో నిమిషం ఆపి తోలెయ్యడానికి? నేను సెలవుకెళ్తున్నా తల్లీ, డ్యూటీకి కాదు. ఏవండీ, ఆ టేపివ్వండి.”

“టేపెందుకక్కా?”

“కొలవడానికి. ముందు నా షరతులు విను. రోజుకి మూడు గంటలకి మించి ప్రయాణం లేదు. ఏ మంచం మీదైనా కనీసం మూడు రాత్రులు పడుకోవాలి. పెట్టె ఒకసారి విప్పితే మూడు రోజులదాకా మళ్ళీ సర్దేది లేదు. ఈ పటం మీద మూడు గంటలంటే ఎంత?”

“అంగుళం... ఉంటుందేమో.”

“అంగుళమే అనుకుందాం. ఇక్కణ్ణించి ఐదో ఊరికి... ఆరంగుళాలు! నా మోకాళ్ళతో ఆరంగుళాలా! కొట్టెయ్.”

“అక్కా, ఐదో ఊళ్ళో జలపాతం ఉంది!”

“మన బాత్రూంలో పైపు పగిలినప్పుడు చూశాలే. కొట్టెయ్. ఆరోది?”

“ఆరోది ద్వీపం. పడవలో వెళ్ళాలి.”

“కొట్టెయ్ మరదలా! పడవంటే నేను రాను, ముందే చెప్తున్నా!”

“మీరుండండి. పడవెక్కితే ఈయన్ని నేను మొయ్యాలి. ఆరు పోయింది. ఏడు?”

“ఏడోదాని సంగతి నాకూ తెలీదక్కా. పేరు బాగుందని సున్నా చుట్టా.”

“శభాష్. నాలుగు?”

“నాలుగో ఊరు నడిచి చూడాలట. రోజుకి పదివేల అడుగులు.”

“ఎవరు, నేనా?”

“...కొట్టేశా.”

“మూడు.”

“మూడొద్దు! అంటే... మూడు కొట్టెయ్యొద్దు!”

“కొట్టెయ్యమని ఎవరన్నారే? మూడు అన్నానంతే. ఎందుకా అరుపు?”

“అరవలేదక్కా. పొద్దస్తమానం బస్సులో అరిచి అరిచి గొంతే ఇలా అయిపోయింది.”

“ఏముంది అక్కడ?”

“సరస్సు.”

“మిమ్మల్ని కాదండీ, దాన్నడుగుతున్నా.”

“సరస్సేనక్కా. గట్టు మీద బల్లలుంటాయి, హాయిగా కూర్చోవచ్చు. గొర్రెలు కూడా ఉన్నాయి.”

“గొర్రెల కోసం విమానమెక్కాలా?”

“గొర్రెలే కాదు. ఇంకా... ఇంకా... బొత్తాల మ్యూజియం!”

“ఏంటీ?”

“బొత్తాలక్కా! చొక్కా బొత్తాలు, కోటు బొత్తాలు, రాణులవీ రాజులవీ, అన్నీ ఒక్కచోటే! లక్ష బొత్తాలు!”

“లక్షా ఇరవై.”

“ఏవండీ! మీకెలా తెలుసు?”

“అదీ... మొన్న పేపర్లో పడింది.”

“ఆ ఇరవై ఏంటి?”

“కొత్తగా చేర్చారు.”

“ఓహో. ముత్యపుచిప్ప బొత్తాలున్నాయా?”

“గదినిండా ఉన్నాయక్కా! అక్కడ చీకట్లో కూడా దీపం వెయ్యరు, అంత మెరుస్తాయట!”

“అబ్బో. బెల్లు మోగింది, ప్యాంటాయన మళ్ళీ వచ్చినట్టున్నాడు. కత్తెర మూడో ఊరి మీద పెట్టి వెళ్తున్నా. కొట్టెయ్యాలో ఉంచాలో వచ్చి చెప్తా. ఈలోపు దాన్ని ముట్టుకున్నారో, ఇద్దరి వేళ్ళూ ఉండవు.”

ఆవిడ ముందు గదిలోకి వెళ్ళింది. వెనక గదిలో ఇద్దరూ నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

“లక్షా ఇరవై ఏంటి బావా! నా పొట్ట పగిలిపోతుందనుకున్నా!”

“ఉత్త లక్షంటే అబద్ధంలా ఉందే. కాస్త చిల్లర తగిలిస్తే నమ్ముతారు. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? చీకట్లో దీపం వెయ్యరట!”

“ఆగలేకపోయా. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. బావా, కత్తెర చూడు. సరిగ్గా ఊరి నెత్తిన పెట్టింది.”

“ముట్టుకోకు.”

“ముట్టుకోవట్లా. టైమెంత?”

“అయిదూ నలభై.”

“ఎంతసేపు బావా ఒక ప్యాంటుకి! ఉండు... అక్క నవ్వుతోందా?”

“మీ అక్కా? షాపులోనా?”

“విను! నవ్వుతోంది. పకపకా నవ్వుతోంది.”

“ప్యాంటాయన ఏదో జోకేసుంటాడు.”

“ఆయన మొహానికి జోకొకటా! అయ్యో, ఆగిపోయింది. ఇప్పుడేమీ వినపడట్లేదు.”

“వస్తోంది, వస్తోంది. సరస్సు!”

“సరస్సెప్పుడో అయిపోయింది బావా, బొత్తాలు!”

“ఊఁ, ఎక్కడున్నాం? రెండో ఊరు కొట్టెయ్.”

“రెండోదా! అక్కా, రెండో ఊళ్ళో కోట...”

“నలభై నిమిషాల కోట నాకొద్దు. పైగా అక్కడ ఎండ, మూడో ఊళ్ళో చలి. మొన్న మైనస్ నాలుగు. పల్చటి బట్టలకో పెట్టె, దళసరి బట్టలకో పెట్టె, ఎవరు మోస్తారు?”

“మైనస్ నాలుగని నీకెలా తెలుసు?”

“రేడియోలో చెప్పారు.”

“మన రేడియోలోనా? ఆ ఊరి గురించా?”

“చెప్పకూడదా? మొదటి ఊళ్ళో విమానం మారాలి కాబట్టి అక్కడ మూడు రాత్రులు. ఈయన కడుపు కుదుటపడేదాకా. మూడో ఊళ్ళో ఎన్ని రాసుకున్నావ్?”

“రెండు రాశా. అంటే... మూడోది ఉంచినట్టేనా అక్కా? నాలుగు చెయ్యనా? పోనీ అయిదు?”

“మిగిలినవన్నీ వెయ్.”

“అన్నీ అంటే తొమ్మిదక్కా!”

“కూడికలూ తీసివేతలూ నాకూ వచ్చులే.”

“తొమ్మిది రాత్రులు! ఒక్క ఊళ్ళో! బొత్తాల కోసం!”

“లక్షా ఇరవై చూడాలంటే మరి పట్టదా? ఏవండీ, టికెట్లవాళ్ళకి ఫోన్ చెయ్యండి, మూసేస్తారు. రెండే ఊళ్ళని చెప్పండి. మీకు నడవా పక్క సీటు. లోపల మాట్లాడితే సిగ్నలుండదు, వీధిలోకెళ్ళండి.”

“వెళ్తున్నా, వెళ్తున్నా. మరదలా, బొత్తాలు!”

“బొత్తాలు బావా!”

“ఏంటే, ఆయనటు వెళ్ళగానే నీ మొహం అలా అయిపోయింది? ఇందాకటిదాకా గంతులేశావ్‌గా.”

“అక్కా. ఒక్కమాట చెప్తా. తిట్టకూడదు.”

“తిట్టేదో కాదో విన్నాక చెప్తా.”

“ఆ మ్యూజియంలో... లక్ష ఉండకపోవచ్చు.”

“ఎన్నుంటాయి?”

“అసలు... మ్యూజియమే ఉండకపోవచ్చు.”

“లేదు.”

“ఆఁ?”

“లేదుటే. సరస్సుంది, గొర్రెలున్నాయి. బొత్తాల మ్యూజియం మాత్రం లేదు. ఇప్పుడే అడిగా.”

“ఎవర్నడిగావ్?”

“ఆ ఊళ్ళో ఉండేదాన్ని.”

“అక్కా!”

“అరవకు, ప్యాంటాయన ఇంకా బయటే ఉన్నాడు.”

“నువ్వు... చిన్నక్కకి... ఫోన్ చేశావా? నువ్వా? నంబరెక్కడిదసలు?”

“కొలతల పుస్తకంలో దాని పేజీ తీస్తే ఉంటుంది. అది ఇల్లు మారినప్పుడల్లా, నంబరు మారినప్పుడల్లా మీ బావ అక్కడ పెన్సిల్‌తో రాసిపెడుతుంటారు. నేను ఆ పేజీ తియ్యననుకుని రాస్తారు. నేను తియ్యట్లేదని ఆయన అనుకోవాలని నేనూ పైకి చెప్పను.”

“అయితే ఊరు కూడా నీకు ముందే తెలుసా? నేను సున్నా చుట్టినప్పుడే?”

“అక్కడ చలెంతుందో రోజూ పొద్దున్నే చూస్తానే పిచ్చిదానా. చూడనిదే మిషన్ మీద కాలు పెట్టను.”

“మరి నన్నెందుకింతసేపు ఏడిపించావ్! అంగుళాలు కొలిచి, కత్తెర పెట్టి...”

“పటం చూస్తే నిజంగానే దూరంగా ఉంది. ఎంత దూరమో కొలవబుద్ధేసింది. పైగా ఫోన్ చెయ్యడానికి ధైర్యం చాల్లా. పదకొండేళ్ళయ్యాక మొదటి మాట ఏమంటాం? ఎలా ఉన్నావంటామా? ఎందుకలా చేశావంటామా? ఎన్నిసార్లు నంబరు సగం నొక్కి ఆపేశానో. ఇవాళ నువ్వు బొత్తాలనేసరికి, అడగడానికొక మాట దొరికింది.”

“ఏమని అడిగావ్?”

“‘మీ ఊళ్ళో బొత్తాల మ్యూజియం ఉందిటే?’ అన్నా.”

“అయ్యో నా తల్లీ! చిన్నక్క ఏమంది?”

“‘లేదక్కా’ అంది. అక్కా అంది. ‘లక్షా ఇరవై ఉన్నాయని మీ బావ చెప్తున్నారే’ అన్నా. ఇంకంతే, నవ్వు. అదీ నవ్వు, నేనూ నవ్వు. నవ్వుతూ నవ్వుతూ అది ఏడ్చింది. నేనూ ఏడ్చా. ప్యాంటు పొడవు తగ్గించమన్నందుకు ఏడుస్తున్నాననుకుని, ప్యాంటాయన పొడుగ్గానే ఉంచెయ్యమన్నాడు.”

“నాకూ ఏడుపొస్తోందక్కా.”

“పటం మీద ఏడవకు, రంగు పోతుంది. ఆ సూది అందుకో.”

“ఆగు. ఈ కోటు... ఈ ఉన్ని... కస్టమర్‌దన్నావ్.”

“కస్టమరే. నా మొట్టమొదటి కస్టమర్. కోటు ఒళ్ళు దాని పాత కొలతకే కత్తిరించా. లావయ్యిందో చిక్కిందో ఏం తెలుస్తుంది? అందుకే కుట్టు లోపల రెండంగుళాలు వదిలా.”

“మరి చేతులు?”

“అక్కడికెళ్ళాక. దాన్ని ఎదురుగా నించోబెట్టి, బిగుతో వదులో దాని నోటితోనే నాకు చెప్పించి, అప్పుడు కుడతా.”

“రెండు చేతులు పూటలో కుట్టేస్తావ్ నువ్వు! దానికి తొమ్మిది రోజులెందుకక్కా?”

“బిగుతంటుందిగా, విప్పుతా. వదులంటుంది, మళ్ళీ విప్పుతా. బాగుందంటే, అప్పుడూ విప్పుతా.”