ఎనిమిదో రౌతు

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు మన్నించాలి, కుర్చీలు చాల్లేదు. ఈ గదిలో కుర్చీలు చాలకపోవడం ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి. మెడల్స్ సేకరించే మన క్లబ్బుకి ఆదివారం తొమ్మిదిమంది వస్తే అదే గొప్ప. ఆయనే ఉంటే ఇంతమందిని చూసి, "ఏమిటర్రా, ఎవరైనా పోయారా?" అని అడిగేవారు. అవునన్నయ్యా, పోయింది మీరే. మాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

వదినా, ముందు వరసలో మీరు కూర్చుని ఉంటే మీ మొహంలోకి చూసి మాట్లాడటం నాకు కష్టంగా ఉంది. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఫోటో పక్కన తెల్లగుడ్డ కప్పిన ట్రే ఒకటి ఉంది, చూశారుగా. గుడ్డ ఎందుకు కప్పారని ఇందాకటి నుంచి గుసగుసలు నా చెవిన పడుతూనే ఉన్నాయి. కప్పింది నేనే. తీసేదీ నేనే. కానీ దాన్ని తీసే ముందు నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ తప్పు దగ్గరికి వెళ్ళాలంటే ముందు ఆ మనిషి ఎలాంటివారో చెప్పాలి.

ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారాయన. ఈ గదిలో సగంమంది ఆయన మాట విని ఊపిరి బిగబట్టినవాళ్ళే. నా భుజం జారినప్పుడు నేనూ బిగబట్టాను. చల్లటి పలకకి మనల్ని ఆనించి, గాజుకిటికీ వెనక్కి వెళ్ళి, "కదలకండి, ఊపిరి బిగబట్టండి," అనేవారు. ఒక్క క్షణం గది గదంతా ఆగిపోయేది. తర్వాత, "ఇక వదలండి." ఆ రెండో మాట ఎంత మెత్తగా అనేవారో గుర్తుందా మీకు? ఎముక విరిగినవాడికి కూడా ఆ మాటతో సగం నొప్పి తగ్గేది.

పగలల్లా ఎముకల్లో గీతలు వెతికేవారు, సాయంత్రం ఇంటికొచ్చి మెడల్స్‌లో గీతలు వెతికేవారు. అందుకే మనమంతా ఆయన్ని గీతలన్నయ్య అన్నాం. సోవియట్ బ్యాడ్జీలు, మంగోలియా మెడల్స్ మన కంటికి అన్నీ ఒకటే. ఆయన కంటికి ఏ రెండూ ఒకటి కావు. ఒకదాని వెనక చొక్కాకి బిగించే మర పొట్టిది, ఒకదాని మీద సూర్యుడికి ఒక కిరణం ఎక్కువ, ఒకదాని మీద అక్షరం తోక కాస్త వంగింది. ఆ తేడాలన్నీ నోటుబుక్కుల్లోకి ఎక్కించేవారు. వదిన ఒకసారి నాతో అన్నారు, పెళ్ళై ఇన్నేళ్ళయినా నా చీర మారిన సంగతి తెలియదు గానీ ఎక్కడో మంగోలియాలో గుర్రం తోక మారితే తెలుస్తుందీయనకి అని. వదినా, మీరు నవ్వారు. చాలు.

కానీ తేడాలు కనిపెట్టడం ఒకటే కాదు. ఆయనకి ఇంకేదో తెలిసేది. అదే ఇప్పుడు చెబుతాను.

మన టైలరమ్మగారు ఒక ఆదివారం వెండి మెడల్ ఒకటి తెచ్చారు. సోవియట్‌ది, పాత సామాన్లలో దొరికింది. అసలుదో కాదో చెప్పమని అడిగారు. అన్నయ్య దాన్ని దీపం కింద పెట్టలేదు. కళ్ళు మూసుకుని అంచు చుట్టూ బొటనవేలు తిప్పారు. తిప్పి, "దీన్ని పెట్టుకున్నావిడ పసిబిడ్డని ఎడమవైపు ఎత్తుకునేది," అన్నారు. కింది అంచున రెండు సన్నటి నొక్కులు చూపించారు. పాలపళ్ళ గుర్తులు. రెండే పళ్ళు. ఆ రెండు పళ్ళ గుర్తులూ మళ్ళీ మళ్ళీ, ఒకదాని మీద ఒకటి. మూడో పంటి గుర్తు మాత్రం ఎక్కడా లేదు. అప్పుడాయన టైలరమ్మగారి మొహం చూసి, "ఆ తర్వాత మెడల్ తీసి పెట్టెలో దాచుకుని ఉంటుందిలెండి, అంతే," అన్నారు. అంతే అయ్యుంటుంది. అంతే కావాలని మనందరం అనుకున్నాం. టైలరమ్మగారు ఆ మెడల్‌ని ఇప్పటికీ ఎవరికీ ఇవ్వలేదు.

ఇక రౌతుల సంగతి. మంగోలియా బ్యాడ్జీ అది, గుర్రం మీద రౌతు, వెనక ఎర్ర ఎనామిల్‌తో సూర్యుడు. మామూలు బ్యాడ్జీయే. అయితే దాన్ని కొట్టిన ఉక్కు అచ్చులో ఎప్పుడో చిన్న పగులు వచ్చింది. అచ్చు పగిలితే ఆ పగుల్లోకి లోహం దూరి, బ్యాడ్జీ మీద ఉబ్బెత్తుగా ఒక గీత పడుతుంది. కొట్టేకొద్దీ పగులు పెరుగుతుంది, గీతా పెరుగుతుంది. అన్నయ్య అలాంటివి ఏడు సంపాదించారు. మొదటిదాంట్లో అంచున వెంట్రుకంత. తర్వాత గుర్రం కాలిమీదికి. తర్వాత జీను మీదికి. తర్వాత రౌతు వీపు మీదికి. ఏడోదాంట్లో భుజం దాకా వచ్చి ఆగింది. ఆ ఏడూ వరసగా పేర్చి చూపిస్తే ఒళ్ళు జలదరించేది. ఏదో ఆ మనిషి మీదికి పాకుతోంది, అతను ముందుకే చూస్తున్నాడు, అతనికి తెలియడం లేదు.

ఎనిమిదోది ఉండి తీరాలనేవారు అన్నయ్య. అచ్చు పూర్తిగా విరిగేముందు కొట్టిన చివరిది. దానికోసం ట్రేలో ఎనిమిదో గుంట తొలిపించి, మఖమలు గుడ్డ పరిపించారు. ఈ సంగతి తెలిసి ఒక వ్యాపారి ఎనిమిదోదాన్ని పట్టుకొచ్చాడు కూడా. మనమంతా ఎగిరి గంతేశాం. అన్నయ్య వేలితో ఒక్కసారి రాసి తిరిగి ఇచ్చేశారు. "పగులు ఉబ్బుతుంది బాబూ, ఇది గుంట పడింది. ఎవరో గీకారు పాపం," అన్నారు. ఆ పాపం ఎవరిమీదో నాకిప్పటికీ తెలియదు, గీకినవాడి మీదో, రౌతు మీదో. ఆ రోజే ఒక కాగితం తీసుకుని, అసలుది ఎలా ఉంటుందో బొమ్మ వేసి చూపించారు. గీత మెడ దాటి చెవి దగ్గర రెండుగా చీలుతుంది. టోపీ మీద ఆవగింజంత పొక్కు. కంటి గుంటలో లోహం నిండిపోయి కన్ను మూసి ఉంటుంది. చూడనిదాన్ని అంత కచ్చితంగా ఎలా వేశారని అడిగితే, విరగబోయే ఎముకలు ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను కదా అన్నారు.

మిత్రులారా, ఇక్కడి నుంచి నా తప్పు మొదలవుతుంది.

పదకొండేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున, క్లబ్బుకి వస్తూ దారిలో పాత సామాన్ల దుకాణంలో గుండీల డబ్బా ఒకటి కెలికాను. అడుగున ఎనిమిదో రౌతు ఉన్నాడు. చెవి దగ్గర చీలిన గీత, టోపీ మీద పొక్కు, మూసిన కన్ను. ఆ బొమ్మకీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. నాకు సంతోషం కలగలేదండీ. భయం వేసింది. ఎవరూ చూడని వస్తువుని ఒక మనిషి ముందే చూసి ఉంటే భయం వేయదా?

ఈ గదికి వచ్చే మెట్లే ఎక్కుతున్నాను. లోపల అన్నయ్య ఎవరితోనో అంటున్న మాట వినపడింది. "ఆ ఎనిమిదోది దొరికిందంటే ఇక నేను చూడాల్సింది ఏమీ లేదు." సగం మెట్ల మీద ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను. ఇది ఇస్తే ఆయనకేమైనా అవుతుందేమో, ఇవ్వనన్నాళ్ళూ ఆయనకి ఏమీ కాదు అని నాకు నేనే చెప్పుకున్నాను. పదకొండేళ్ళూ అదే చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ వదినా, మొత్తం నిజమూ కాదు. ఆ మాట వినకముందే జేబులో దాన్ని పిడికిలి బిగించి పట్టుకున్నాను నేను. ఇద్దామనుకున్నవాడు అలా పట్టుకోడు. ఇన్నేళ్ళూ అన్నీ ఆయనకే దొరికాయి, అన్నీ ఆయనకే తెలిశాయి, ఈ ఒక్కటైనా నాది కావాలనిపించింది. అసూయ. కళ్ళజోళ్ళ కొట్టువాణ్ణి, ఆయనకి అద్దాల తమ్ముణ్ణి, అందరికీ చూపు సరిచేసేవాణ్ణి, నా కన్ను ఇలా ఏడ్చింది.

కొట్లో సొరుగులో దాచాను. బేరం లేనప్పుడల్లా చెయ్యి సొరుగులోకి పోయేది. బొటనవేలితో ఆ మొహం తడిమేవాణ్ణి. మెడల్‌ని వేలితో రుద్దకూడదని నాకు నేర్పింది ఆయనే. రోజుకి ఎన్నిసార్లు రుద్దానో లెక్కలేదు.

పోయిన నెల ఆయన ఆసుపత్రిలో మంచాన ఉంటే, చూడ్డానికి వెళ్తూ దాన్ని మూడుసార్లు జేబులో వేసుకెళ్ళాను, మూడుసార్లూ వెనక్కి తెచ్చాను. చివరిసారి మధ్యాహ్నం వెళ్ళాను. ఆయన కళ్ళు మూసుకునే నా కుడిచెయ్యి అడిగి పుచ్చుకున్నారు. నా బొటనవేలి మీద తన బొటనవేలు తిప్పారు. టైలరమ్మగారి మెడల్ మీద తిప్పినట్టే. "తమ్ముడూ, నీ వేలు అరిగిందిరా. దేన్నో రోజూ తడుముతున్నావు," అన్నారు. అద్దాలు తుడిచి తుడిచి అలా అయిందన్నాను. ఆయన చిన్నగా నవ్వి, "సరేలే," అన్నారు. ఆయన తలకి జానెడు దూరంలో, నా చొక్కా జేబులో ఉన్నాడు రౌతు. తీసి చేతిలో పెడితే అయిపోయేది. పెట్టలేదు. లేచి వచ్చేశాను. మర్నాటి మర్నాడు పొద్దున్నే ఆయన పోయారని కబురు వచ్చింది. ఇవ్వకుండా ఉంటే ఏమీ కాదనుకున్నాను కదా, ఏం ఆగింది?

నిన్న అన్నయ్య కూతురు ఈ సభ కోసం ట్రే తెచ్చి నాకిచ్చింది. ప్రతి గుంటలోనూ గుడ్డ కింద ఆయన రాసిన అట్టముక్క ఉంటుంది, మీకు తెలుసు. ఏడూ తీసి దుమ్ము దులిపాం. ఎనిమిదో గుంట ఖాళీ కదా, ఊరికే గుడ్డ ఎత్తాను. కింద అట్టముక్క ఉంది. తేదీ పదకొండేళ్ళ క్రితంది. నేను మెట్ల మీంచి వెనక్కి తిరిగిన ఆదివారంది. అమ్మాయి పక్కనే ఉంది, తనకి ఆ రాత ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఇదిగో, ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాను.

"ఎనిమిదో రౌతు. గీత చెవి దగ్గర రెండుగా చీలింది. టోపీ మీద పొక్కు. కన్ను మూసి ఉంది. ప్రస్తుతం అద్దాల తమ్ముడి దగ్గర. అడగకూడదు. నా దగ్గరికి వచ్చేసరికి కన్ను తెరుస్తాడు. తొందర లేదు."

ఎలా తెలిసిందని నన్ను అడక్కండి. ఆ దుకాణంవాడికి అన్నయ్య ఎవరో తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో కూడా చెప్పలేదు. పదకొండేళ్ళు ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చుని, నాతో టీ తాగి, నా జోకులకి నవ్వి, ఒక్కసారి, ఒక్కసారి కూడా అడగలేదు ఆ మనిషి.

చదివాక రౌతుని తీసి భూతద్దం కింద పెట్టాను. కంటి గుంటలో నిండిన లోహం నా వేలికి అరిగిపోయింది. సరే, అరుగుతుంది. అరిగితే ఆ చోటు నున్నగా అయిపోవాలి. అప్పటికే అచ్చులో చెరిగిపోయిన కన్ను బ్యాడ్జీలో ఉండకూడదు. ఇక్కడ ఈ పనిలో తలపండినవాళ్ళున్నారు, మీరే చెప్పండి, ఉండకూడదు కదా? ఉంది. తెరిచి ఉంది. మిగతా ఏడుగురూ ముందుకి చూస్తారు. వీడు ఇటు చూస్తున్నాడు.

గుడ్డ తీస్తున్నాను. వదినా, మీరు ఇలా రండి. ఇది మీ చేత్తో పెట్టండి, నాకా అర్హత లేదు. అన్నయ్యా, ఆలస్యం చేశాను. మీ వస్తువు మీకు చేరింది. నన్ను క్షమించండి.

ఇక అందరూ లేవండి. ఆనవాయితీ ప్రకారం ఆయన కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. గడియారం చూసే పని ఎవరికీ పెట్టడం లేదు. ఆయన అనే రెండు మాటల్లో మొదటిది నేనంటాను. రెండోది అనడానికి నాకు నోరు రాదు. అది ఎవరికి వినిపిస్తే వాళ్ళు కూర్చోండి.

కదలకండి. ఊపిరి బిగబట్టండి.