ప్లాసిడ్ కట్టిన ధర

ధరా? ఆ కాగితం పక్కన పెట్టు నోయెమీ, ముందు పొయ్యి దగ్గరికి జరిగి కూర్చో. మొదటి వాచీ చేశావు, ఎంత చెప్పాలో తేలట్లేదు, అంతేగా? గంటకింత అని వేశావు, బంగారం వేశావు, చెడిపోయిన ముక్కలు కూడా వేశావు... బాగానే ఉంది, మీ తరానికి లెక్కలు బాగా వచ్చు. ప్లాసిడ్‌కి ఇన్ని వరుసలుండేవి కావు. ప్లాసిడ్ గోలే, తెలుసా? నీకెలా తెలుస్తుందిలే, నువ్వు పుట్టకముందే పోయాడు. సరస్సు ఒడ్డున, కలప కోతమిల్లు దాటాక ఇల్లు. ఇప్పుడెవరో జెనీవా వాళ్ళు కొనుక్కుని వేసవికి వస్తుంటారు. వాళ్ళ కుక్క ఉంది చూశావూ, అబ్బో, పోస్టమ్మాయిని గేటు దాటనివ్వదు... సరే, అది వేరే సంగతి. నేను ప్లాసిడ్‌కి వాడి వాచీల డయళ్ళు, అదే ముల్లుల కింద అంకెల బిళ్ళలు, చేసిచ్చేవాణ్ణి. బ్యాటరీ వాచీలొచ్చి ఫ్యాక్టరీలు మూతపడ్డాక మేమంతా వేరే పనులు చూసుకున్నాం. వాడు మాత్రం కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఏడాదికి రెండు వాచీలు. కట్టెలు, దుంపలు, చీజ్, బంగారం, పన్నులు, ఏడాదికయ్యేదంతా కూడి సగం చేసేవాడు. అదే ఒక వాచీ ధర. మరి నీ పనితనానికేదిరా అంటే, ‘నేను తిన్నదంతా దాన్లోకే పోయిందిగా’ అనేవాడు. పైగా తగ్గింపొకటి! ఐదేళ్ళకోసారి వాచీ విప్పి కడిగి నూనె వెయ్యాలి కదా, పోస్టులో పంపకుండా స్వయంగా తెస్తానని మాటిచ్చినవాళ్ళకి ఐదో వంతు కోసేసేవాడు. ‘ఒరేయ్ పిచ్చోడా, రెండు వాచీల మీద ఐదో వంతంటే రెండు నెలల పైచిలుకు తిండిరా, అన్నాళ్ళూ గాలి తింటావా?’ అని తిట్టేవాణ్ణి. ‘చీజ్ మానేస్తాలే’ అని నవ్వేవాడు.

పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. మంచు పడితే మన లోయలోకి ఎవరొస్తారు చెప్పు? వాచీల వాళ్ళొచ్చేవారు. లియాన్ నుంచి ఒక పళ్ళ డాక్టరు, బాసెల్ నుంచి చర్చిలో ఆర్గన్ వాయించే ఒకావిడ. ఇచ్చిపోడానికోసారి, పట్టుకుపోడానికోసారి. దుంపలుడికించి, చీజ్ కరిగించి పోసి పెట్టేవాడు. ‘ప్లాసిడ్ గారూ, మీ వాచీ ముందుకు నడుస్తోందండీ’ అని డాక్టరంటే, ‘మీరెప్పుడూ ఆలస్యంగా వస్తున్నారని తొందరపడుతోందండీ’ అనేవాడు. ఆ పూటంతా నవ్వులే.

తర్వాత జ్యూరిక్ నుంచి ఒక దళారీ దిగాడు. మెరిసే బూట్లు, మంచులో! ‘ఇంత చవగ్గా ఉంటే ఏదో లోపముందనుకుంటారండీ. ఒక సున్నా చేర్చండి, మిగతాది నేను చూసుకుంటా’ అన్నాడు. ప్లాసిడ్‌కి చూపు తగ్గుతోంది, ఇంకెన్ని చేస్తాడు? ఒప్పుకున్నాడు. ఎవరైనా ఒప్పుకుంటారు. చేసినవన్నీ చేసినట్టే అమ్ముడుపోయాయి. ఇల్లు బాగుచేయించాడు, ఆరుగురు కూర్చునే వాల్‌నట్ చెక్క బల్ల కొన్నాడు. కానీ కొత్తవాళ్ళు వాచీ కొని ఇనప్పెట్టెలో పెట్టేవాళ్ళు. నడవని వాచీకి నూనెందుకు? పాతవాటికీ ధర పెరిగిపోయింది కదా, డాక్టరు తనది అమ్మేసి పడవ కొనుక్కున్నాడు. ఆర్గనావిడ ఫోన్ చేసింది. ‘ఇంత ఖరీదైనది చేతికి పెట్టుకుని ట్రామెక్కాలంటే భయమేస్తోందండీ, బ్యాంకు లాకర్లో పెట్టేశాను. క్షేమంగా ఉంది, దిగులుపడకండి’ అంది. మంచిదే పాపం. దిగులుపడకండి అంది.

ఒక చలికాలం వాడింటికెళ్ళాను. ఆ పెద్ద బల్ల మీద రెండు పళ్ళాలున్నాయి. ఎవరొస్తున్నార్రా అంటే, ‘బాసెల్ ఆవిడ. ఐదేళ్ళయింది కదా’ అన్నాడు. ఆవిడ లాకర్లో పెట్టేశానని ఫోన్ చేసి అప్పటికి చాలా కాలమైంది. అది గుర్తుచెయ్యడం ఎందుకులే అని, కుర్చీ లాక్కుని ఆ రెండో పళ్ళెం ముందు కూర్చున్నాను. ‘అది నీది కాదు’ అన్నాడు. కోపంగా కాదు. మెల్లగానే అన్నాడు. లేచి వేరే కుర్చీలో కూర్చున్నాను. ఇద్దరం ఆ పళ్ళెం వైపే చూస్తూ...

ఏం రాయమంటావమ్మా నన్ను నీ కాగితం మీద? నాకేం తెలుసు. సూప్ పెట్టనా? ...బండికి టైమైందా. సరే, సరే. వెళ్ళేలోపు ఆ వాచీ ఒక్కసారి ఇలా ఇయ్యి, చెవి దగ్గర పెట్టుకుంటాను. ఊఁ... మాట్లాడకు కాసేపు.