మరక మధ్యలో రావాలి

పటాలు కట్టే దుకాణం. బల్లకి ఇటు దుకాణదారు, పెళ్ళాం పోయి ఏడాది దాటినవాడు. అటు ఆవిడ తమ్ముడు, సర్కారు ఆఫీసులో గుమాస్తా. మధ్యలో ఒక పాత జెండా.

“ఇంకో రెండు వేళ్ళు ఇటు జరుపు బావా. మరక సరిగ్గా మధ్యలో రావాలి.”

“జెండా మధ్యలో రావాలా, మరకా?”

“మరకే. మా ఆఫీసరమ్మ మరీ మరీ చెప్పింది. రేపు మంత్రిగారు వచ్చీ రాగానే ముందు ఆ మరకకే దండం పెడతారట.”

“ఆహా. జెండాకి గిరాకీ తగ్గిందన్నమాట.”

“వెటకారం వద్దు. పాత రాజ్యం జెండా ప్రతి ఆఫీసు హాల్లో పెట్టాలని ఉత్తర్వు. మిగతావాళ్ళంతా కొత్తవి కుట్టించుకుంటున్నారు. అసలుది మా ఆఫీసుకొక్కదానికే దొరికింది. నా పుణ్యమా అని.”

“మీ ఆఫీసు గేటు ముందు ఈ జెండా వద్దని కూర్చున్నవాళ్ళు ఏమంటున్నారో?”

“పనీపాటా లేనివాళ్ళు. ఈ జెండా పట్టుకొచ్చినవాళ్ళే తమ తాతల ఇళ్ళు తగలబెట్టారంటారు. ఎప్పటి మాట! చరిత్రని చరిత్రలా చూడాలి బావా.”

“చూడండి. గోడకెక్కించడం దేనికి?”

“గౌరవం.”

“ఎవరికి?”

“అద్దం మందంగా ఉన్నది వెయ్యి. రాయి విసిరినా పగలకూడదు.”

“అబ్బో, గౌరవానికి అంత ధైర్యమా!”

“వాళ్ళ కోసం కింద పలక కూడా పెడుతున్నాం. ‘ఎవరి మనసైనా నొచ్చుకుంటే చింతిస్తున్నాం’ అని. సరిపోదూ?”

“సరిపోతుంది. ఇల్లు కాలితే నొచ్చుకునేది మనసే మరి.”

“నీతో మాట్లాడలేం బావా.”

“ఇది నీకెక్కడిది?”

“తెలీనట్టు అడుగుతావేం? అక్క పెట్టెలోది.”

“అక్క పోయి పది రోజులైనా కాకముందే మోసుకుపోయావే, ఆ పెట్టెలోదా?”

“పుట్టింటి పెట్టె అది. నాన్నమ్మది. తర్వాత అమ్మది. ఆ తర్వాత...”

“ఆస్పత్రికి రమ్మంటే సెలవు దొరకలేదు నీకు. పెట్టెకి దొరికింది.”

“ఇప్పుడా మాటెందుకు?”

“ఎందుకూ లేదు. ఆ మేకులిటివ్వు. ఇంతకీ ఈ మరక ఏమిటని చెప్పావు మీ ఆఫీసరమ్మకి?”

“తాత రక్తం.”

“నీకెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? తాత ఆ గొడవల్లోనే కదా పోయాడు. జెండా మన ఇంట్లో ఉంది. మరక జెండా మీద ఉంది. కలుపుకుంటే తెలీదూ?”

“ఈ మూల ఇంకోటుంది. ఇదిగో ఇక్కడ ఇంకోటి. మీ తాత ఒక్కచోట పడ్డాడా, జెండా అంతా దొర్లాడా?”

“మూడు తూటాలు తగిలాయి.”

“ఇది నాలుగోది.”

“నాలుగే తగిలాయి! నువ్వేమైనా పోలీసువా?”

“రక్తం పసుపు రంగులో ఉందేం?”

“పాతబడితే అంతే. బంగారంలాంటి మనిషని మంత్రిగారి ఉపన్యాసంలో నేనే రాసిచ్చాను.”

“జెండా కోసం చచ్చాడనీ రాశావా?”

“జెండా... జెండా ఉండగా చచ్చాడని.”

“ఉండగా.”

“చచ్చాడా లేదా? అప్పుడక్కడ ఆ జెండా ఉందా లేదా? మనిషి ఎటువైపున్నాడని ఎవడడుగుతాడు?”

“అయితే నీకు తెలుసన్నమాట.”

“నాకేం తెలీదు! తెలుసుకోను కూడా. ఈ పటం గోడకెక్కితే సూపరింటెండెంటు కుర్చీ నాది. ఆఫీసరమ్మ మాటిచ్చింది. ఇంటిదానికి నెలలు నిండాయి. నా బిడ్డని కూడా గుమాస్తా కొడుకనే పిలవాలా?”

“మీ అక్క నాకు చెప్పింది. చెప్పనా?”

“వద్దు.”

“విను. ఆ జెండా వాళ్ళు ధాన్యం అడిగారు. మీ తాత లేదన్నాడు. గడపలోనే కాల్చేశారు. తర్వాత ఇంటికి నిప్పు పెట్టారు. గేటు ముందు కూర్చున్నారే, వాళ్ళ తాతల ఇళ్ళ వరసలోదే మీ ఇల్లూ.”

“మెల్లగా బావా, వీధిలో వింటారు!”

“ఆ వచ్చినవాళ్ళు ఓడిపోయి పరిగెత్తేటప్పుడు దీన్ని బురదలో పారేసి పోయారు. మీ నాన్నమ్మ ఏరి తెచ్చుకుంది.”

“అదిగో! తెచ్చి దాచుకుంది. అంత జరిగినా దాచుకుందంటే ఎంత గౌరవం ఉండాలి?”

“దాచుకోలేదురా. వాడుకుంది.”

“వాడుకోవడమేంటి?”

“ఈ ఇంట ఏ బిడ్డ పుట్టినా నెల తిరిగేదాకా కింద ఇదే పరవాలని ఒట్టు పెట్టుకుంది. మీ నాన్న అప్పటికి కడుపులో ఉన్నాడు. మొదట ఆయనకి పరిచింది. తర్వాత మీ అమ్మ మీ అక్కకి పరిచింది. ఆఖర్న నీకు.”

“కింద పరవడమంటే...”

“పసిబిడ్డ కింద గుడ్డ ఎందుకు వేస్తారో అది కూడా చెప్పాలా?”

“బావా!”

“మధ్యలోది నీదే. మీ అక్క నవ్వేది. అందరివీ ఉతికితే కాస్తో కూస్తో పోయాయి, తమ్ముడిది మాత్రం ఎంత బాదినా పోలేదని.”

“ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?”

“పెట్టె ఎత్తుకెళ్ళేటప్పుడు నన్నడిగావా?”

“ఉతికెయ్. ఇప్పుడే... కాదు కాదు, ఉతక్కు! పేపర్లో ఫోటో పడింది. మరక చుట్టూ గీత కూడా గీశారు.”

“చరిత్రని చరిత్రలా చూడాలి.”

“నీకు దండం పెడతాను బావా. ఎవరితోనూ అనకు.”

“నాకెందుకురా దండం? రేపు మంత్రి పక్కన నిలబడి నీదానికి నువ్వే పెట్టుకో.”

“మరి అక్క దీన్ని ఏటేటా ఎండలో ఆరేసేదెందుకు? నేను చూశాను. ఎంతో భద్రంగా మడతపెట్టేది.”

“ఎప్పటికైనా అక్కరకొస్తుందని. మా ఇంట రాలేదు.”

“ఏదీ, ఆ మడతలు ఇంకా ఉన్నాయా?”

“పక్కకి జరుగు. వెలుతురుకి అడ్డం.”

“సరే, అయ్యిందేదో అయ్యింది. మేకులు గట్టిగా కొట్టు. మళ్ళీ ఎవడూ దీన్ని విప్పకూడదు.”

“మేకులొద్దు. ఆ డబ్బాలో స్క్రూలున్నాయి, అందుకో.”

“అవెందుకు? ఎవడైనా ఇట్టే విప్పేస్తాడు.”

“నీకోసమేరా. రేపు మంత్రి దండం అవగానే విప్పి ఇంటికి పట్టుకుపో. నీ పెళ్ళానికి నెలలు నిండాయన్నావుగా.”