కట్టినవారు

పెరట్లో కొత్త గది, సిమెంటు ఇంకా పూర్తిగా ఆరలేదు. గడప మీద మేస్త్రి భార్య. ఎదురుగా టేపు పట్టుకున్న మునిసిపల్ అధికారి, ఆయన పక్కన మేస్త్రి.

"...అనుమతి అడగలేదు. ఎందుకడగాలి? నా పెరడు, నా ఇటుక, నా చేతులు."

"అమ్మా, కాస్త జరిగితే లోపల కొలుస్తాను."

"కొలవండి. పదికి పది. ఎత్తు తొమ్మిది. ప్రహరీకి మూడడుగులు వదలమంటారు మీరు, మూడున్నర వదిలాను. అర అడుగు మీకే మిగులు."

"ఈ లెక్కలన్నీ మీకెవరు చెప్పారు?"

"మీ ఆఫీసు గోడ మీద అంటించారుగా. నిలబడి చదివాను. వంద చదరపు అడుగుల దాకా పెరటి గదికి ప్లాను అక్కర్లేదని ఉంది."

"దాని కింద ఇంకో వాక్యం ఉంది. లైసెన్సున్న మేస్త్రి కట్టి సంతకం పెడితేనే అక్కర్లేదు. లేదంటే ఇంజనీరు పరీక్ష, అనుమతి, జరిమానా. ఏదీ కుదరకపోతే కూల్చడం."

"ఆ వాక్యం మీద గడియారం తగిలించారు సార్. కనబడి చావలేదు."

"సార్, దాని మాటలు పట్టించుకోకండి. ఇదిగో నా లైసెన్సు. ఈ గది నేనే కట్టాను. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

"ఇంకేం మరి! ఇంట్లోనే మేస్త్రిని పెట్టుకుని ఈ గొడవంతా ఎందుకమ్మా? ఇక్కడ మేస్త్రీ, 'కట్టినవారు' అని ఉంది చూడండి. పెట్టేస్తే నా దారిన నేను పోతాను."

"పెట్టడు. ఆయన కట్టలేదు."

"నోర్ముయ్యవే!"

"ఈ గదిలో ఒక్క ఇటుక పెట్టావా నువ్వు? ఏ మూలది? చూపించు."

"ఎవరు పెడితే ఏమే? గది నిలబడాలా వద్దా?"

"నిలబడాలి. నా పేరుతో నిలబడాలి."

"విన్నారా సార్? ముప్పై ఏళ్ళు ఇటుకలు మోసింది. మోసీ మోసీ బుర్ర కూడా ఇటుకైపోయింది."

"మోసింది ఇరవయ్యే. మిగతా పదేళ్ళూ ఏం చేశానో చెప్పు సార్‌కి."

"సార్, ఎండగా ఉంది. లోపల కూర్చుందాం రండి."

"ఉండండి మేస్త్రీ. అసలు ఈ గది దేనికమ్మా?"

"నా తాపీ, నా తూకం గుండు పెట్టుకోడానికి. ఇన్నాళ్ళూ మంచం కింద దాచుకున్నాను, దొంగసొత్తులాగా."

"మీకు తాపీ ఎందుకు?"

"ఇంట్లో ఏదో చిన్నాచితకా... గచ్చు పూసుకుంటుంది సార్, అంతే."

"నిన్ను కాదు అడిగింది. సార్, తూకం గుండు తెచ్చారా? లేదా? ఇదిగో, నాది తీసుకోండి. గోడకి వేలాడదీసి చూడండి. నూలుపోగంత వంగినా మీరే గునపం పట్టుకోండి, అడ్డం రాను."

"చూస్తాను... ఊఁ... ఈ పక్క కూడా... బాగుందమ్మా. నిజంగా మీరే కట్టారా?"

"వంకరగా ఉంటే వెంటనే నమ్మేవారు కాబోలు."

"అలా కాదు. మొదటిసారి కట్టినవాళ్ళ గోడ ఇలా ఉండదు."

"ఇది మొదటిదని ఎవరన్నారు?"

"ఒసేయ్! నీకు దణ్ణం పెడతానే!"

"మేస్త్రీ, ఏమిటలా వణుకుతోంది చెయ్యి?"

"కోపం సార్. దీని మీద."

"పదేళ్ళుగా కోపమే సార్. తాపీ పట్టుకుంటే సిమెంటు ఒళ్ళో పడేంత కోపం."

"అంటే... పోయినేడు బడి ప్రహరీకి సంతకం మీదే కదా మేస్త్రీ? ఆసుపత్రి వెనక గదులకి?"

"సంతకం నాదే."

"నేనడిగింది సంతకం సంగతి కాదు."

"...లైసెన్సున్నవాడు పక్కన నిలబడితే చాలదా సార్? నిలబడ్డాను. ఒక్కరోజు కూడా మానలేదు. నిలబడే ఉన్నాను."

"అమ్మా, ఇప్పటిదాకా నేనేమీ వినలేదనుకోండి. ఆయన సంతకం పెడతారు, గది ఉంటుంది. మీ పేరు రాశానా, ఇది లైసెన్సు లేని కట్టడం అవుతుంది. నోటీసు, నెల్లోపు ఇంజనీరు. అక్కడితో ఆగదు. పాత సంతకాలన్నీ తవ్వుతారు. ఆయన లైసెన్సు పోతుంది. కాగితం మీద ఇంత గడి, దానికోసమా?"

"ఇంజనీరుని రానివ్వండి. ఆయనకీ గుండు ఇస్తాను."

"మరి నా సంగతేమిటే? లైసెన్సు కాస్తా పోతే ఈ వీధిలో నేనెవర్ని?"

"ఈ పదేళ్ళూ నేనెవర్నో, అదే."

"నీకేం తక్కువ చేశాను?"

"తక్కువ చెయ్యలేదు. పరంజా మీద నేనుంటే ఇంటివాళ్ళు కింద నీ దగ్గరికొచ్చేవాళ్ళు. భలే కట్టావు అనేవాళ్ళు. నువ్వు తలూపేవాడివి. నేను పైనుంచి చూస్తూ ఉండేదాన్ని. ఈసారి పైకి చూస్తాడు, ఈసారి తప్పకుండా చూస్తాడు అనుకునేదాన్ని. ఒక్కసారీ చూడలేదయ్యా నువ్వు."

"...ఎండ కళ్ళల్లో పడేది."

"పదేళ్ళూ ఎండేనా? రాయండి సార్. కూల్చితే కూల్చండి. కూల్చినా నా పేరు మీదే కూల్చండి."

"మేస్త్రీ, మీరేమంటారు? అటు తిరిగి గోడ నిమురుతున్నారేమిటి? సరే. తర్వాత నన్ననకండి. రాస్తున్నాను. కట్టడం, పెరటి గది. అనుమతి, లేదు. కట్టినవారు... ఇదిగోనమ్మా, మీ పేరు. పక్కన 'మేస్త్రి భార్య'. సంతకం ఇక్కడ."

"పెన్నివ్వండి."

"ఆగవే. ఆ కాగితం ముందు ఇలా తే. సార్, ఇక్కడో మాట ఎక్కువ రాశారు."

"ఏ మాట?"

"'భార్య'. కొట్టేయండి."