మా మావ బడ్జెట్ ఒట్టు

సాయంత్రం అయిదున్నర. సన్నగా జల్లు పడుతోంది. కూర్చోవే యశస్వినీ, ఒక్కదాన్నే ఉండలేకపోతన్నాను. పోర్టు వైపు గోడౌను అంటుకుందంట. మా నవీన్ పని అందులోనే. ఫోనెత్తడం లేదు. మీ బాబాయీ, మా అమ్మాయి రాణీ బండేసుకుని వెతకడానికెళ్లారు. ఏదో ఒకటి మాటాడనీ. పొగంటే మా మావ గుర్తొస్తాడు. నీలకంఠం, మీ బాబాయి నాన్న. నువ్వెరగవులే, నువ్వు పుట్టకముందే పోయాడు. పోర్టులో సరుకులు మోసే కలాసీ. ఏటా బడ్జెట్ రోజున రేడియో ముందు కూర్చుని, "సిగరెట్టు మీద పన్నేత్తే ఈపాలి మానేత్తాను, సింహాద్రప్పన్న మీదొట్టు" అనేవాడు. పన్ను పడేది. ఆయన మానేవాడు కాదు, ఓ మెట్టు దిగేవాడు. ఫిల్టరుదాన్నుంచి ఫిల్టరు లేనిదానికి, అక్కణ్ణుంచి బీడీకి. "మరి ఒట్టో మావా" అంటే, "ఒట్టు సిగరెట్టు మీదే. బీడీ మీదెప్పుడెట్టాను?" తర్వాత బీడీ రేటు కూడా పెరిగింది. ఏటి నవ్వుతావు, ఇంట్లో చుట్ట ఉంది కదా. మాయత్త కాశమ్మది. పుట్టిల్లు యారాడ, సముద్రపొడ్డున. ఆ గాలికి ఆరిపోకుండా నిప్పు కొస నోట్లోనే పెట్టుకుని తాగేది. అడ్డపొగ అంటారు. అలాగే చేపలు బేరమాడేది, అలాగే మావని తిట్టేది. "ఆడదే తాగుతుంటే నాను తాగలేనా" అని మావ ఓ రోజు నిప్పు కొస నోట్లో పెట్టాడు. నాలుకంతా బొబ్బలు. మాట లేదు, గంజి తప్ప దిగలేదు. అత్త ఆ గంజి పోస్తూ, "ఢిల్లీ వోళ్లకి సెప్పండే. పన్నులెందుకు, మొగోళ్లకి సుట్ట తిరగేసి ఇత్తే సాలు" అంది. మళ్లీ ఆయన పొగ ముట్టలేదు. అత్త మానలేదు. పొగాకు తెచ్చి ఇంట్లో చుట్టుకునేది, దానికెవడు పన్నేస్తాడు. అంగిట్లో పుండు లేచి ముందు ఆవిడే పోయింది. సర్లే, అదలా ఉంచు. మొన్న రేటు పెరిగినప్పుడు నవీన్ కూడా తాతలాగే, "మానేశానమ్మా, ఒట్టు" అన్నాడు. గోడౌన్లో తాగనివ్వరు, తాగాలంటే గేటు బయట బడ్డీకొట్టుకి రావాలి. అందుకే ఇందాకట్నుంచి అప్పన్నకి మొక్కుకుంటన్నాను, ఈ ఒక్కరోజు వాడి ఒట్టు తప్పేలా చూడు సామీ అని. ఉండు. బండి చప్పుడు. లోపల ఎవరైనా ఉండిపోయారా, అందరూ బయటపడ్డారా? పడ్డారంట. ఇలా రారా నవీనూ, దగ్గరికి రా. ఊఁ. సిగరెట్టు వాసనే. తిడతాను, రేపు. మీ బాబాయి. రాణి. నవీన్. ముగ్గురూ వచ్చేశారు.