ఇడ్లీ బయల్దేరింది

కోసపాళయంలో సుందరి టిఫిన్ కొట్టు. లోపల ఇడ్లీలు పొగలు కక్కతా ఉండాయి, బయట బల్ల మీద జనం ఆకలితో కూర్చోనుండారు. అయినా సుందరి ఎవురికీ పెట్టదు. ఈ పొద్దే కొట్టుకి కొత్తగా యాప్ పెట్టింది, బోణీ ఫోన్లోనే పడాలని పట్టు. అదీ గుడ్డల కొట్టు నాగేశ్వరయ్య చేత్తోనే పడాల, ఆయన చేతివాసి అట్లాంటిది. ఆ తాతా బల్ల చివర ఫోను పట్టుకోని కూర్చోనే ఉండాడు. సుందరి ఫోను మాత్రం ఉలకలా పలకలా. యాప్ చేసిచ్చిన సాయిగణేష్ కాలు మీద కాలేసుకోని అందుకున్నాడు.

"భయం ఎందుకక్కా? నేను టెస్ట్ చేసినానంటే అది బండరాయే. ఫ్రెంచోళ్ళ వైట్ టౌన్ ఆఫీసులో నన్ను ఊరికే కూర్చోబెట్టినారా? మొదట చేసింది చిన్న పనే. యాప్‌లో అడిగేవాడొకడు, బదులు చెప్పేవాడొకడు ఉంటారు గదా? నిజం మనుషుల్ని పెట్టి చూస్తే, తప్పు జరిగితే పరువు పోతాది. అందుకని అడిగేదానికి ఒక ఉత్తుత్తి గిరాకీని చేసినా, దాన్ని మాక్ క్లయింట్ అంటాం. బదులు చెప్పేదానికి ఉత్తుత్తి వంటగది, అది మాక్ సర్వర్. వాడు 'రెండిడ్లీ' అన్నాడు, ఇది 'బయల్దేరింది' అనింది. పాస్!"

"ఇడ్లీ యాడ?" అన్నాడు ఆటో పాండియన్, కడుపు పట్టుకోని.

"ఇడ్లీ ఉండదు మామా, మాట మాత్రమే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకడు చాలడని పదివేల మందిని వదిలినా. ఒక్కొక్కడికి ఒక్కో గుణం. ఒకడు చట్నీ మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, ఒకడు ఆర్డర్ పెట్టి వద్దంటాడు, ఒక ముసలాయన ఫ్రెంచిలో తిడతాడు..."

"ఏమని తిట్టినాడు?" అనింది పూలమ్మే అంగమ్మాళ్.

"అది నీ ముందర చెప్పేది కాదత్తా. నా వంటగది మాత్రం చలించలా. తిట్టినోడికీ 'బయల్దేరింది', పొగిడినోడికీ 'బయల్దేరింది'. సరే, లక్షకి పెంచినా. కంప్యూటర్ ఎంత వేడెక్కిందంటే మా ఆఫీసు మోనిక దాని మీద దోసె పోసుకుంది. క్యూ కట్టినారు సూడు, తోక ఊరి చివర మురుంగపాక్కం దాటిపోయింది. పోలీసులొచ్చినారు!"

"కనపడని క్యూకి పోలీసులెందుకు రా?" అన్నాడు పాండియన్.

"కనపడదు గాబట్టే గదా మామా, లాఠీ యాడ తిప్పాలో తెలీక అల్లాడిపోయినారు! అంతటితో ఆగిందా? లేని ఇడ్లీకి వాసన మొదలైంది. బీచ్ రోడ్డు కాకులన్నీ మా కిటికీ కాడే. అందులో ఒకటి, సాంబారు పొయ్యలేదని నా మొగం చూసి అలిగింది. ఆఖరికి ఉత్తుత్తి గిరాకీల్లో ఒక పిల్ల, పేరు నేనే పెట్టినా, తమిళరసి అని, ఆ ఉత్తుత్తి వంటగదినే ప్రేమించేసింది. ఏమడిగినా కాదనని మొగోడు దొరికితే ఎవురు వదులుతారత్తా? ముహూర్తం పెట్టినారు, నాకు తాంబూలం ఇచ్చినారు. పెళ్ళిలో లక్షమందీ ఇడ్లీలు తిని, త్రేన్చి, ఒక్కడంటే ఒక్కడు గూడా వంక పెట్టలా. అదీ టెస్టింగంటే!"

సుందరి గరిటెతో బయటికొచ్చింది. "లక్షమంది తిన్నారు సరే తమ్ముడూ, నా ఫోను ఒక్కసారి గూడా మోగలేదేంది? ఎదురుగా ఆ పెద్ద హోటలు వచ్చినప్పట్నించీ రోజూ వచ్చే ఈ నలుగురు తప్ప గిరాకీ లేదు. నీ యాప్‌ని నమ్మి రెండింతలు పిండి రుబ్బినా. ఇదీ పోతే కొట్టు మూసుకోవాల్సిందే. నాకు ఏడుపొస్తా ఉంది."

"తాత ఇంకా నొక్కలేదక్కా, అంతే. పెద్దోళ్ళకి వేలు ఆడొద్దా? తాతా, నొక్కు!"

నాగేశ్వరయ్య ఫోన్లోంచి తలెత్తినాడు. "నేను కూర్చున్నప్పుడే నొక్కినా అబ్బయా. బయల్దేరింది అనింది. చెయ్యి చాపితే అందే వంటిల్లు, ఇంతసేపు యాడ తిరగతా ఉందోనని నేనూ ఓపిక పట్టినా. ఇప్పుడేమో 'తిన్నారు గదా, ఎట్లుంది' అని అడుగుతా ఉండాది. నువ్వు చెప్పింది విన్నాక ఒక అనుమానం. నేను నొక్కింది సుందరి కాడికి పోయిందా, ఆ లక్షమందీ తిన్న కాడికి పోయిందా?"

సాయిగణేష్ కాలు మీది కాలు దించినాడు. సంచిలోంచి లాప్‌టాప్ తీసి, యాప్‌లో ఉన్న ఉత్తుత్తి వంటగది అడ్రసు చెరిపి సుందరి కొట్టు అడ్రసు పెట్టినాడు. అన్నీ టెస్ట్ చేసినాడు గానీ, టెస్ట్ అయినాక ఆ ఉత్తుత్తి అడ్రసు తియ్యడం మర్చిపోయినాడు.

నాగేశ్వరయ్య మళ్ళీ నొక్కినాడు. సుందరి ఫోను గణగణా మోగింది. ఆమె దాన్ని కళ్ళకద్దుకోని, లోపలికి పోయి, మొదట తాతకి, ఆ తర్వాత అందరికీ వేడివేడిగా వడ్డించింది. సాయిగణేష్ ముందర గూడా ఒక ఆకు పరిచి, నీళ్ళు చల్లి, పక్కకి పోయింది.

చానాసేపు చూసి, "అక్కా, నాకు?" అన్నాడు మెల్లగా.

"బయల్దేరింది తమ్ముడూ" అనింది సుందరి.